శనివారాల సెలవు

చిట్టి తెరల దుకాణంలో కుట్టుపని చేస్తుంది. మనిషి పొట్టి. కుట్టడం పూర్తయిన తెరను రెండు చేతులా ఎత్తి పట్టుకుని నడిస్తే తెర తప్ప మనిషి కనిపించదు. "తెర నడిచొస్తోంది, దారివ్వండి" అని దుకాణంలో అందరూ నవ్వేవాళ్లు. పుట్టింట్లో పెట్టిన ముద్దుపేరే అత్తింట్లోనూ దుకాణంలోనూ స్థిరపడిపోయింది. పనిలో మాత్రం చెయ్యి తిరిగిన మనిషి. కిటికీ కొలత చెబితే చాలు, మడతలు ఎన్ని రావాలో, అంచు ఎంత వదలాలో కాగితం ముట్టుకోకుండా చెప్పేసేది.

ఒక సోమవారం పొద్దున గుడ్డలు కత్తిరించే కత్తెరక్క ముఖం వెలిగిపోతూ వచ్చింది. ఆవిడ నడుంనొప్పి అనకుండా వారం మొదలుపెట్టడం అదే మొదటిసారి.

"ఏంటక్కా, అంత హుషారుగా ఉన్నావు?" అంది చిట్టి.

"నేనూ మా ఆయనా సరస్సు చూసొచ్చాం. పెద్ద ఏర్పాట్లేం లేవే. బస్సెక్కితే రెండు గంటలు. దిగితే ఎదురుగానే నీళ్లు. ఒడ్డున ఏడెనిమిది గదులు. వండక్కర్లేదు, కడగక్కర్లేదు. శనివారం పొద్దున పోతే ఆదివారం సాయంత్రానికి ఇంట్లో ఉంటావు. ఒక జత బట్టలు సంచిలో పడేసుకుని చెప్పుల్లో కాళ్లు పెట్టడమే."

ఆ మాట చిట్టి చెవిలో పడి అక్కడే కూర్చుంది. కూతురు పుట్టి తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లలో తనూ భర్తా ఇద్దరే కలిసి వీధి చివరి దాకా నడిచిన గుర్తు కూడా లేదు. ఆయన కళ్లజోళ్ల దుకాణంలో వెనకగదిలో కూర్చుని అద్దాలు అరగదీస్తాడు. ఇంటికొచ్చేసరికి కళ్లు మంట, మెడ నొప్పి. నాలుగు ముద్దలు తిని, కళ్ల మీద తడిగుడ్డ వేసుకుని పడుకుంటాడు. మాట్లాడాలనుకున్నవన్నీ ఆ తడిగుడ్డ దగ్గర ఆగిపోయేవి.

మధ్యాహ్నానికల్లా చిట్టి కొలతల చీటీ వెనక అంతా రాసేసుకుంది. ఏడుంబావు బస్సు. నీళ్ల వైపు కిటికీ ఉన్న గది. కూతురు ఆ రెండు రోజులూ కత్తెరక్క ఇంట్లో, ఆవిడ మనవరాలితో ఉంటుంది. మంగళవారం ఫోన్ చేసి పై వారం శనివారానికి గది పెట్టించింది కూడా. ఫోనెత్తిన మనిషి "ఎంతమందమ్మా?" అని అడిగితే "ఇద్దరమే" అంటూ కొత్తపెళ్లికూతురిలా సిగ్గుపడింది. పక్కనున్న కత్తెరక్క అది చూసి పొట్ట పట్టుకుని నవ్వింది.

మిగిలింది ఒకటే చిక్కు. భర్తకు సెలవు ఆదివారం ఒక్కరోజే. శనివారం దుకాణంలో రద్దీ ఎక్కువని, ఆ రోజు కదలడానికి వీలుండదని ఆయన ఎప్పుడూ అంటాడు. అడిగితే కుదరదనేస్తాడు. అందుకని ఆయనకు చెప్పకుండా యజమానినే బతిమాలి, సెలవు చేతిలో పెట్టుకుని, అప్పుడు చెబుదామనుకుంది. బుధవారం భోజనాల వేళ దుకాణం ఫోన్ నుంచే కళ్లజోళ్ల యజమానికి చేసింది. ఆయన పెద్దమనిషి, మర్యాదస్తుడు.

"ఒక్క శనివారం అండీ. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు. మీరు కాదనకండి."

"శనివారమా? శనివారం నన్ను అడగడం దేనికమ్మా?" అన్నాడాయన తికమకగా. "శనివారాలు అద్దాల గది మూసేసి రెండేళ్లు దాటిందిగా. ముందు గదిలో అమ్మకాలు మాత్రమే. మీ ఆయనకు శని, ఆది రెండూ సెలవే."

చిట్టి ఫోన్ ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకుంది.

"అవునవునండీ," అంది. "నేనే మర్చిపోయాను. ఏమీ అనుకోకండి."

"పర్లేదమ్మా. హాయిగా వెళ్లి రండి."

ఫోన్ పెట్టేసి మిషను ముందు కూర్చుంది. ఆ పూట కుట్టిన తెరకు లోపలి వైపు బయటికొచ్చింది. కత్తెరక్క వచ్చి చూసి, "ఏమైందే?" అంటే, "తల తిరిగింది" అని కుట్లు విప్పుకుంటూ కూర్చుంది.

రెండేళ్లు. అంటే నూటికి పైగా శనివారాలు. ప్రతి శనివారం ఆరింటికి లేచి మూడు గిన్నెల డబ్బా కట్టింది తను. మామూలు రోజుల్లో రెండు గిన్నెలే. "శనివారం ఆకలెక్కువేస్తుంది, కూర కాస్త ఎక్కువ పెట్టు" అని ఆయనే అడిగాడు. ఉతికి మడతపెట్టిన చొక్కా ఇచ్చింది. సాయంత్రం వచ్చాక కళ్ల మీద వేసుకోవడానికి గుడ్డ తడిపింది. ఏ అద్దాలు అరగదీసి వచ్చాడని తను దాన్ని తడిపిందీ?

ఇంకెవరో ఉన్నారు. అంతకన్నా ఏముంటుంది? ఆ 'ఇంకెవరో'కి తనే రెండేళ్లు వండి పంపింది.

అడగలేదు. గురు, శుక్రవారాలు రెండు రోజులూ ఆయన ముఖం చూస్తూ గడిపింది. ముఖంలో ఏమీ లేదు. అన్నం కలుపుకున్నాడు, కూతురి లెక్కలు చూశాడు, కుళాయి బిగించాడు. శుక్రవారం చేతులు తుడుచుకుంటూ, "రేపు పని ఎక్కువుంది, రావడం కాస్త ఆలస్యమవుతుంది" అన్నాడు. ఎంత సులువుగా అన్నాడంటే, చిట్టికి ఒక్క క్షణం యజమానే పొరబడ్డాడేమో అనిపించింది.

శనివారం ఎప్పటిలాగే డబ్బా కట్టి ఇచ్చింది. ఆయన మలుపు తిరగ్గానే కూతుర్ని పక్కింట్లో కూర్చోబెట్టి, చెప్పులేసుకుని బయటపడింది. ఆయన దుకాణం వైపు వెళ్లే బస్సు వదిలేశాడు. దాని వెనక వచ్చింది ఎక్కాడు. చిట్టి వెనక తలుపులోంచి ఎక్కి, ఒక లావుపాటి మనిషి వెనక నిలబడింది. పొట్టిగా పుట్టినందుకు జీవితంలో అదొక్కసారి పనికొచ్చింది. పది స్టాపులు. ఆయన దిగాడు. ఆమె తర్వాతి స్టాపులో దిగి వెనక్కి పరిగెత్తింది. పరిగెత్తడం అక్కర్లేదని సగం దూరంలో అర్థమైంది.

ఆ వీధి ఆమెకు తెలుసు. మూడో ఇంటి ముందు పసుపురంగు స్కూలు బస్సు నిలబెట్టి ఉంది. దాన్ని నడిపేది వదిన, ఆయన సొంత అక్క.

ఈ వదిన సంగతి చెప్పాలి. చిట్టి కాపురానికొచ్చిన కొత్తలో ఇంట్లో ఎవరితోనూ నోరు విప్పలేక మూల కూర్చుంటే, "రావే పొట్టీ, బస్సు కడుగుదాం" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లిన మనిషి. పురిటినాడు ఆస్పత్రి బెంచీ మీద పడుకున్నదీ ఆవిడే, పుట్టిన బిడ్డను మొదట ఎత్తుకున్నదీ ఆవిడే. మనిషి ఎత్తు, గొంతు పెద్దది, మనసులో మాట నోట్లో ఆగదు. ఆగకపోవడమే కొంప ముంచింది. మూడేళ్ల కిందట ఈ ఇంట్లోనే చుట్టాలు భోజనాలు చేస్తుండగా, మాట మీద మాట పెరిగి, "నాన్న ఆస్పత్రిలో ఉన్న పదిరోజులూ నువ్వెక్కడున్నావురా? ఒక్క పూట వచ్చావా?" అని తమ్ముణ్ని అడిగేసింది. అది నిజం కావడం వల్ల ఎవరూ ఏమీ అనలేకపోయారు. ఆయన ముద్ద కంచంలో పడేసి లేచాడు. వీధిలోకొచ్చాక చిట్టి చెయ్యి పట్టుకుని, "ఇంకెప్పుడైనా ఈ గడప తొక్కావంటే నా మీద ఒట్టే. ఆవిడతో మాట కూడా వద్దు" అన్నాడు.

చిట్టి ఆ ఒట్టు పట్టుకుని కూర్చుంది. వదిన మూడుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు. ఒకసారి కూరగాయల దగ్గర ఎదురుపడి వదిన నవ్వబోతే, తల తిప్పుకుని రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోయింది. ఆ రోజు ఏం కొందో, ఎలా ఇంటికొచ్చిందో తెలియదు. పోయినేడు వదినకు కడుపులో ఆపరేషన్ జరిగిందని ఎవరో అంటే, భర్త దగ్గరికొచ్చి, "పోనీ ఒక్కసారి వెళ్లి చూసొద్దామా?" అని అడిగింది. ఆయన చూసిన చూపు ఇంకా గుర్తుంది. "నన్ను అందరిముందూ అన్ని మాటలన్నాక కూడా వెళ్దామంటున్నావు. నీకు సిగ్గు లేదా?" అన్నాడు. నిజమే కదా, మొగుడి పరువు తనకు పట్టదా అని తనను తనే తిట్టుకుని, స్నానాలగదిలో కుళాయి విప్పి ఏడ్చింది.

ఇప్పుడు ఆ ఒట్టు పెట్టిన మనిషే ఆ గేటు తానే తీసుకుని లోపలికి పోయాడు. పిలవలేదు, తట్టలేదు. వాకిట్లో ఉన్న కుక్క మొరగకపోగా లేచి తోక ఊపింది.

చిట్టి బస్సు చాటున నిలబడింది. కిటికీ తెరిచే ఉంది. లోపల్నుంచి ఆయన నవ్వు వినిపించింది. తమ ఇంట్లో ఆ నవ్వు విని ఎన్నేళ్లయిందో ఆమె లెక్కపెట్టబోయి మానేసింది. వదిన కూతురి గొంతు, "మామయ్యా, డబ్బా ఏదీ? ఇవాళ కూర ఏంటి?" అని అడగడం, గిన్నెలు విప్పిన చప్పుడు.

ఇంకొకతె ఎవరో ఉండి ఉంటే బాగుండేదనిపించింది చిట్టికి. దానికైతే ఏడుపు తెలుసు, తిట్లు తెలుసు. దీనికి ఏం చెయ్యాలి?

వెళ్లి తలుపు తట్టింది.

తలుపు తీసింది వదినే. సన్నబడింది. చిట్టిని చూసి ముఖంలో ఏదో కదిలి, మళ్లీ గట్టిపడింది.

"ఇన్నాళ్లకు దారి తెలిసిందా?" అంది. "కోపం చల్లారిందా, ఇంకా ఏమైనా మిగిలుందా?"

"నాకు కోపమేంటి వదినా?"

"అదేంటి, నా ముఖం చూడనన్నావటగా? నేను చచ్చినా రానన్నావటగా?"

"నేనా? ఎవరన్నారు?"

వదిన మెల్లగా తల తిప్పి వెనక్కి చూసింది. చిట్టి కూడా అటే చూసింది. ఆయన బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద తనెప్పుడూ చూడని ఇంటి చొక్కా ఉంది, కాళ్లకు ఇక్కడే ఉంచుకున్న చెప్పులు. ముందు డబ్బా మూడు గిన్నెలూ విప్పి ఉన్నాయి. వదిన కూతురు చేతిలో చెంచాతో ముగ్గుర్నీ మార్చి మార్చి చూస్తోంది.

"నువ్వు గదిలోకెళ్లమ్మా," అంది వదిన. పిల్ల వెళ్లింది.

"ఏరా?" అంది తమ్ముడితో. ఆ పెద్ద గొంతు ఇప్పుడు చిన్నగా వచ్చింది. "ఎన్నిసార్లడిగాను నిన్ను? చిట్టిని తీసుకురారా, నేనే వచ్చి కాళ్లు పట్టుకుంటానురా అని. ఏం చెప్పావు? అది రాదక్కా, నీ పేరెత్తితేనే గిన్నెలు విసిరేస్తోంది, పైగా నేనిక్కడికొచ్చినట్టు తెలిస్తే ఊరుకోదు అన్నావు."

చిట్టి గుమ్మంలోనే కూర్చుంది.

"నేనెప్పుడు విసిరానండీ గిన్నెలు?" అంది. ఎందుకో ఆ మాటే ముందొచ్చింది.

ఆయన నీళ్లు తాగాడు. గ్లాసు పెట్టాడు. "మొదట ఒక్కసారే వచ్చాను," అన్నాడు బల్లకేసి చూస్తూ. "శనివారం సెలవు కొత్తగా ఇచ్చినప్పుడు. ఇంటికొచ్చి చెబుదామనుకున్నా. ఒట్టు పెట్టిందే నేను, ఏ ముఖంతో చెప్పను? వచ్చే వారం చెబుదామనుకున్నా. ఆ తర్వాత ఇంకా కష్టమైపోయింది."

"చెప్పడం కష్టమైతే చెప్పకుండా ఊరుకోవాల్సింది," అంది వదిన. "దాని మీద లేనిపోనివి ఎందుకు కల్పించావు?"

ఈసారి ఆయన అన్న మాటలు మాత్రం నిజంలాగే ఉన్నాయి.

"మీరిద్దరూ కలిస్తే మీరిద్దరే. నేను పక్కన కుర్చీలాగా కూర్చునేవాణ్ని. నువ్వు నన్ను తిట్టినా అది చిట్టి పక్షమే. ఇక్కడికి ఒక్కణ్నే వస్తే, నేను నీ తమ్ముణ్ని అంతే. నువ్వు నన్నే అడుగుతావు, నాకే పెడతావు. చిట్టి వస్తే అది పోతుంది కదక్కా."

వదిన కుర్చీ లాక్కుని తమ్ముడి ఎదురుగా కూర్చుంది.

చిట్టి అడిగింది, "వదినకు ఆపరేషన్ అయినప్పుడు కూడా మీరు వస్తున్నారా?"

ఆయన తల దించుకున్నాడు.

"నాలుగు రోజులూ ఆస్పత్రిలో వీడే ఉన్నాడు," అంది వదిన. అనేశాక దానర్థం ఏంటో చిట్టి ముఖంలో కనిపించి, "అయ్యో" అని నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

ఆ నాలుగు రోజులూ దుకాణంలో కొత్త మిషను బిగిస్తున్నారని తనతో చెప్పాడు. సిగ్గు లేదా అని తనను అడిగింది ఆ వారంలోనే. పొద్దున అక్క మంచం పక్కన కూర్చుని, సాయంత్రం ఇంటికొచ్చి ఆ మాటన్నాడు.

చిట్టి లేచింది. బల్ల దగ్గరికెళ్లి, మూడు గిన్నెలూ ఒకదాని మీద ఒకటి పేర్చి, డబ్బా బిగించి, పట్టుకుని బయటికొచ్చేసింది. "చిట్టీ, ఆగవే" అని వదిన గేటు దాకా వచ్చింది. ఆగలేదు.

ఆ వారం ఇంట్లో మాటలు అవసరానికి మించి లేవు. ఆయన వెనకే తిరిగాడు. గిన్నెలు తోమాడు, బట్టలు మడతపెట్టాడు, కూతుర్ని బడిలో దింపాడు. బీరువాలో కొలతల చీటీ కనిపించి, వెనకున్నదంతా చదివాడు. చేతిలో పట్టుకొచ్చి, "మనకోసమేనా ఇది?" అన్నాడు. "పోదాం పద. అక్కడ కూర్చుని అన్నీ మాట్లాడుకుందాం. నీ కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటా."

"మీతో రెండు గంటలు బస్సులో పక్కపక్కన కూర్చోలేను," అంది చిట్టి. కోపంగా అనలేదు. నిజంగానే కూర్చోలేననిపించింది.

గది వద్దని చెప్పేద్దామని గురువారం ఫోన్ తీసింది. నంబరు నొక్కబోతూ ఆగి, వదినకు చేసింది.

"శనివారం ఖాళీయేనా?" అంది.

"నా శనివారాలు ఇప్పుడు ఖాళీయే," అంది వదిన.

ఇద్దరి కూతుళ్లనూ ఆయనకు అప్పగించి ఏడుంబావు బస్సెక్కారు. కత్తెరక్క చెప్పినట్టే అంతా ఉంది. దిగితే ఎదురుగా నీళ్లు, వరసగా గదులు, కిటికీలోంచి ఒడ్డున కట్టేసిన పడవలు. కిటికీ తెర ఒక పక్క జానెడు పొట్టిగా ఉండటం చూసి చిట్టికి చిరాకేసింది. వదిన మంచం మీద కూర్చుని, నొక్కి చూసి, "మెత్తగానే ఉంది" అంది. ఇద్దరూ రోజంతా చుట్టాలింటికొచ్చిన కొత్తవాళ్లలా మర్యాదగా తిరిగారు. నువ్వు తిను అంటే నువ్వు తిను. నువ్వు కూర్చో అంటే నువ్వు కూర్చో.

ఆదివారం పొద్దున ఒడ్డున రాళ్ల మీద కూర్చున్నప్పుడు చిట్టి ఇక ఆగలేకపోయింది.

"రెండేళ్లు నా చేతి వంట తిన్నారు వదినా మీ ఇంట్లో. తెలియలేదా?"

"తెలియకేం? నాకు నీ చెయ్యి తెలియదా?" అంది వదిన. "మొదటి ముద్దకే తెలిసింది."

"నీ పేరెత్తితే గిన్నెలు విసిరేసే మనిషి, నీ కూతురికి కూడా సరిపడేట్టు మూడో గిన్నె కడుతుందా? ఒక్కసారి కూడా అనుమానం రాలేదా? ఆయన చెప్పాడు, నువ్వు నమ్మేశావు. నన్ను పదేళ్లుగా చూసినదానివి."

వదిన నీళ్లకేసి చూస్తూ అంది, "నమ్మేశాను. నువ్వు రోడ్డు దాటి వెళ్లిపోయావు చూడు, ఆ రోజే నమ్మేశాను. బస్సు నిండా పిల్లలుండగా రోడ్డు పక్కన ఆపుకుని ఏడ్చాను. ఒట్టు పెట్టింది వాడే, కానీ రోడ్డు దాటింది నువ్వేగా?"

మొగుడి పరువు నిలబెట్టాననుకుంది చిట్టి ఆ రోజు. ఈ మనిషి నవ్వబోతే కూడా ఆగలేదు. తనను మోసం చేసిన మాట నిజమే, కానీ ఆ మోసంలో ఒక పక్క తనే పట్టుకుని మోసింది.

"తప్పే వదినా," అంది.

"నాదీ తప్పే. నేరుగా మీ ఇంటికొచ్చి తలుపు బాదాల్సింది. ఇంత గొంతు పెట్టుకుని ఏం లాభం?"

ఇద్దరూ ఏడవలేదు, కౌగిలించుకోలేదు. వదిన చెప్పులు విప్పి కాళ్లు నీళ్లలో పెట్టింది. చిట్టి కాళ్లు అందలేదు. వదిన అది చూసి నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. "దిగవే, కింద రాయి మీద కూర్చో" అంది. చిట్టి దిగి కూర్చుంది. బస్సు వేళ దాకా అలాగే ఉన్నారు. మధ్యమధ్యలో వదిన ఆపరేషన్ సంగతి చెప్పింది, ఎక్కడ కోశారో, ఎన్ని కుట్లు పడ్డాయో. ఆ కుట్లు ఎలా వేసి ఉంటారో చిట్టి అడిగి తెలుసుకుంది.

తిరుగు బస్సులో వదిన నిద్రపోయింది. చిట్టికి కన్ను మూతపడలేదు. వదినతో మళ్లీ కలుస్తుంది, కొంత కాలం పడుతుంది, కానీ కలుస్తుంది. ఆయన్ను కూడా వదిలేసి పోయేదేమీ లేదు. పిల్ల ఉంది, ఇల్లుంది, ఆయన మంచితనం కూడా కొంత ఉంది. అక్కకోసం వెళ్లినందుకు ఆమెకు కోపం లేదు. దాచినందుకు కూడా ఎప్పటికైనా సర్దుకుంటుందేమో. కానీ "నీకు సిగ్గు లేదా" అన్నప్పటి ఆ ముఖం మాత్రం ఎటు తిప్పి చూసినా ఎక్కడా సర్దుకోవడం లేదు. అంత కోపం ముఖం మీదికి ఎలా తెచ్చుకున్నాడు?

ఇంటికొచ్చేసరికి ఆయన పిల్లలకు అన్నం పెడుతున్నాడు. చేతిలోంచి సంచి అందుకుని, "ఎలా జరిగింది? ఏం మాట్లాడుకున్నారు?" అన్నాడు భయంభయంగా.

పెళ్లయిన నాటి నుంచీ చిట్టి ఆయనకు చెప్పనిదంటూ లేదు. దుకాణంలో ఎవరు ఎవర్నేమన్నారో, ఏ కిటికీ కొలత తప్పిందో, కలలో ఏమొచ్చిందో, ఆయన వింటున్నా వినకపోయినా చెబుతూనే ఉండేది.

"బాగుంది," అని, కాళ్లు కడుక్కోవడానికి లోపలికి వెళ్లింది.

ఇంకా ఏమైనా చెబుతుందేమోనని ఆయన సంచి పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. చెప్పడానికి చాలా ఉంది. చెప్పాలనిపించలేదు. అలా అనిపించకపోవడం ఆమెకే కొత్తగా, కొంచెం భయంగా ఉంది.